వానలో, తడి నేలమీద కట్టెలు కొట్టడం: ప్రమాదం లేకుండా పని ముగించే పద్ధతి

వానలు పట్టగానే కట్టెలు కొట్టేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. గొడ్డలి దిగి అక్కడే ఇరుక్కుపోతోంది. దెబ్బ వేస్తే పక్కకు జారుతోంది. మొద్దు బురదలో దిగబడుతోంది. చాలామంది వీటన్నిటికీ ఒకటే మందు వాడతారు: ఇంకా గట్టిగా కొట్టడం. దెబ్బలు తగిలేది అక్కడే.

వానలో జారేవి మూడు: పాదం, చెయ్యి, గొడ్డలి వాదర (పదునైన అంచు). ఆ మూడింటికీ ముందే కట్టడి చేసుకుంటే మిగిలిన పని మామూలు రోజులాగే సాగుతుంది. అందుకే ఈ వ్యాసంలో దాదాపు సగం గొడ్డలి ఎత్తకముందు చేయాల్సిన పనుల గురించే ఉంది. దాన్ని వదిలేసి నేరుగా దెబ్బ దగ్గరికి వెళ్లకండి.

## 1. ఈ రోజే కొట్టాలా?

ఉరుము వినిపిస్తే ఈ ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే పిడుగు మీ మీద పడగల దూరంలోనే ఉంది. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది కాబట్టి 30 సెకన్లంటే దాదాపు 10 కిలోమీటర్లు. గొడ్డలి దించి ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రావద్దు. చెట్టు కింద, నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు కింద నిలబడితే పిడుగు నుంచి రక్షణ ఉండదు.

ఉరుములు లేకపోయినా జోరువాన, ఈదురుగాలి, మసక చీకటి ఉంటే పని మానుకోండి. సన్నటి జల్లులోనైతే కప్పు కింద కొట్టుకోవచ్చు.

తర్వాత ఎన్ని కట్టెలు కావాలో లెక్క వేసుకోండి. రెండు రోజుల మంటకు సరిపడితే చాలనుకుంటే అంతే కొట్టండి. మిగతా దుంగల్ని కప్పి ఉంచి, వాన తెరిపి ఇచ్చాక పని పెట్టుకోండి. తడిలో ఎక్కువసేపు కొట్టేకొద్దీ చేతులు మొద్దుబారతాయి, పట్టు సడలుతుంది. మొదటి అరగంటలో కనిపించే జాగ్రత్త రెండో గంటలో ఎవరికీ ఉండదు.

## 2. మీ దగ్గరున్నది ఏ తడి?

కట్టెకు తడి రెండు రకాలుగా ఉంటుంది. ఈ తేడా తెలిస్తే సగం తికమక పోతుంది.

పచ్చి కట్టె. కొత్తగా కోసిన చెట్టు. నీరు దాని లోపలే ఉంటుంది. ఆ నీటి బరువు ఎండు కట్టె బరువులో సగం ఉండడం మామూలే, కొన్ని చెట్లలో ఎండు బరువును మించిపోతుంది కూడా. ఇలాంటి దుంగను వాన తగ్గేదాకా నెలల తరబడి ఆపాల్సిన పని లేదు. చాలా రకాల చెట్లు ఎండినప్పటికంటే పచ్చిగా ఉన్నప్పుడే తేలిగ్గా చీలతాయి. చీల్చిన ముక్క దుంగకన్నా ఎంతో త్వరగా ఆరుతుంది కూడా.

వానకు తడిసిన ఎండు కట్టె. లోపల ఎండే ఉంటుంది, పైపొర మాత్రమే తడి. గాలి తగిలే చోట కప్పు కింద పెడితే కొద్ది రోజుల్లో మళ్లీ ఆరుతుంది. ఇది చీలడంలో పెద్ద తేడా ఉండదు. ఇబ్బందంతా జారుడుతోనే.

ఈ రెండూ కాక పుచ్చిన కట్టె ఒకటుంది. నెలల తరబడి నేలమీద పడి నాని, గోటితో నొక్కితే లోపలికి పోయేది. గొడ్డలి దానిలో మెత్తగా దిగి ఆగిపోతుంది తప్ప చీలదు. మంటకు కూడా పనికిరాదు. దాన్ని పక్కన పారేయండి.

## 3. చోటు సిద్ధం చేసుకోవడం

ముందు పాదాల కింద నేల చూసుకోవాలి. నీరు నిలవని, సమతలంగా ఉన్న గట్టి నేల కావాలి. వేరే చోటు లేకపోతే మీరు నిలబడే మేరకు, అంటే అడుగు మొద్దు (దుంగను నిలబెట్టి కొట్టే మొద్దు) చుట్టూ రెండు మూడు అడుగుల దాకా, కంకర గానీ ముతక ఇసుక గానీ పరవండి. 5 సెంటీమీటర్ల మందం ఉంటే బురద పైకి ఉబికి రాదు.

ఇక్కడ కొన్ని పొరపాట్లు తరచూ జరుగుతుంటాయి:

- రంపపు పొట్టు చల్లడం. సన్నటి పొట్టు బురదతో కలిసి ముద్దయి ఇంకా జారుతుంది. బూడిదదీ అదే తీరు.
- చెక్క పలక వేసుకుని దానిమీద నిలబడడం. తడిసిన పలక, అందులోనూ పాచి పట్టినది, బురదకన్నా ప్రమాదం.
- ప్లాస్టిక్ పట్టా పరిచి దానిమీద నిలబడడం. పట్టా తల మీద ఉండాలి, కాళ్ల కింద కాదు.

పైన కప్పు ఉంటే మేలు, కానీ ఎత్తు చూసుకోండి. గొడ్డలిని రెండు చేతులతో నెమ్మదిగా తలమీదికి పూర్తిగా ఎత్తి, ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. దూలం, రేకు, బట్టలు ఆరేసే తీగ, కరెంటు తీగ ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు. వానకు పట్టా తాళ్లతో కట్టుకున్నవాళ్లు ఆ తాళ్లను మరీ జాగ్రత్తగా చూడాలి. సన్నటి తాడు కంటికి ఆనదు, పైకెత్తిన గొడ్డలికి మాత్రం తప్పక తగులుతుంది.

చుట్టూ కనీసం 5 మీటర్ల మేర మనుషులు, పిల్లలు, పెంపుడు జంతువులు లేకుండా చూడండి. ముక్కలు ఎగిరి పడే దూరం అది. కొట్టిన పేళ్లు (చీలిన ముక్కలు) ఎప్పటికప్పుడు పక్కకు తీసేయండి. తడి బెరడు మీద కాలు పడితే చాలు, మనిషి వెల్లకిలా పడతాడు.

## 4. అడుగు మొద్దు

దుంగను నిలబెట్టి కొట్టే మొద్దు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. నేలమీద పెట్టి కొడితే దెబ్బ బలమంతా బురద తాగేస్తుంది. గొడ్డలి మట్టిలోకి, రాళ్లలోకి దిగి వాదర పోతుంది. గురి తప్పితే నేరుగా కాలిమీదికే వస్తుంది.

మొద్దు ఎత్తు 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉండాలి, మోకాలు దాటకూడదు. వెడల్పు మీరు కొట్టే దుంగకన్నా ఎక్కువ ఉండాలి. కింద కంకర పరిచి దానిమీద కుదురుగా పెట్టండి. పెట్టాక మొద్దు పైఅంచును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే మళ్లీ సర్దండి. ఊగే మొద్దు మీద దుంగ దెబ్బకు ముందే పక్కకు వాలుతుంది.

పైభాగం పాచి పట్టి జిగటగా ఉంటే వైరు బ్రష్‌తో గీకేయండి. పని లేనప్పుడు మొద్దును కప్పి ఉంచితే ఆ పాచి పట్టదు.

పాత టైరు దొరికితే మొద్దు మీద పెట్టి మరలతో బిగించండి. తడి రోజున దీనంత ఉపయోగపడేది మరొకటి లేదనే చెబుతాను. దుంగ టైరులో నిలబడుతుంది, చీలిన పేళ్లు ఎగిరిపోవు, ప్రతి దెబ్బకూ వంగి ఏరుకోనక్కర్లేదు. టైరు ఎత్తు దుంగ ఎత్తుకన్నా తక్కువ ఉండాలి, లేకపోతే గొడ్డలి కామ (కర్ర పిడి) టైరుకు తగులుతుంది. టైరు అడుగున నాలుగైదు కన్నాలు వేయడం మరచిపోకండి. వేయకపోతే వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

## 5. గొడ్డలిని పరీక్షించడం

నరకడానికి వాడే పలచటి గొడ్డలి తడి కట్టెలో దిగి ఇరుక్కుంటుంది. చీల్చడానికి తల మందంగా, బుగ్గలు (తల రెండు పక్కలు) ఉబ్బెత్తుగా ఉన్న గొడ్డలి కావాలి. పెద్ద దుంగలకు 2.5 నుంచి 3.5 కిలోల తల సరిపోతుంది. మీరు పది దెబ్బలు ఒకే గురితో వేయగలిగిన బరువే మీకు సరైన బరువు.

వాదర గడ్డం గీసేంత పదును ఉండనక్కర్లేదు, కానీ మొండిగా ఉండకూడదు. మొండి వాదర తడి కట్టె మీద పట్టు దొరక్క పక్కకు జారుతుంది. ఆకురాయితో రెండు వైపులా సమానంగా పట్టి, అంచు వెంట నొక్కులు పోయేదాకా రుద్దండి.

ఇప్పుడు అసలు పరీక్ష, తల బిగువు. గొడ్డలిని నిలువుగా పట్టుకుని, కామ అడుగును మొద్దుకేసి నాలుగుసార్లు తట్టండి. తల, కామ కలిసే చోట వేలు పెట్టి ఉంచితే సన్నటి కదలిక కూడా తెలుస్తుంది. ఏమాత్రం కదిలినా ఆ గొడ్డలితో కొట్టవద్దు.

తల వదులైతే నీళ్ల బక్కెట్లో నానబెట్టడం చాలామందికి అలవాటు. కర్ర ఉబ్బి ఆ పూటకు బిగుస్తుంది, నిజమే. కానీ ఉబ్బినప్పుడు కామ దూరే ఇనుప కన్నంలో కర్ర నార నలిగిపోతుంది. ఆరాక మునుపటికన్నా వదులవుతుంది. వానలో తడిసిన గొడ్డలికి జరిగేదీ ఇదే. వాన రోజున బిగుతుగా ఉన్న తల, ఎండ కాసిన వారానికి ఊడి ఎగరవచ్చు. సరైన పద్ధతి ఇది: తల కిందికి వేలాడేలా గొడ్డలిని గాలిలో పట్టుకుని, కామ అడుగున చెక్క సుత్తితో కొట్టండి. తల కామ మీదికి ఇంకా ఎక్కి కూర్చుంటుంది. తర్వాత కన్నంలో కొత్త చెక్క చీల దిగగొట్టండి. అప్పటికీ కదిలితే కామ మార్చాల్సిందే.

కామ మీద పాత గుడ్డ ఒకటి చివరి నుంచి చివరిదాకా లాగండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ పగులో పేడో ఉంది. కామకు మెరిసే వార్నిష్ ఉంటే తడిలో సబ్బులా జారుతుంది, ఉప్పు కాగితంతో రుద్ది తీసేయండి. పట్టు కోసం గుడ్డ పేలికలు చుట్టవద్దు. అవి నీరు పీల్చి, కామ మీద మెలితిరిగి, మీ పట్టుతో సహా జారతాయి.

## 6. ఒంటిమీద ఏముండాలి

కాళ్లకు లోతైన గాడులున్న బూట్లు, వేళ్ల దగ్గర ఉక్కు కప్పు ఉన్నవైతే మరీ మంచిది. గాడుల్లో బురద నిండితే గాడులు లేనట్టే. పని మధ్యలో ఒకటి రెండుసార్లు పుల్లతో గీకేయండి. చెప్పులతో, వట్టి కాళ్లతో కొట్టే అలవాటు ఉంటే వానాకాలంలోనైనా మానండి.

చేతులకు అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న గ్లవ్స్ పనికొస్తాయి. నూలు గ్లవ్స్ తడిస్తే వట్టి చేతికన్నా ఎక్కువ జారుతాయి. తోలువి నానితే జిగటగా, వదులుగా అవుతాయి. రబ్బరు పూతతో ఒక చిక్కుంది. మామూలుగా గొడ్డలి ఎత్తేటప్పుడు పై చెయ్యి తల దగ్గర పట్టుకుని, దించేటప్పుడు కామ వెంట కిందికి జార్చుకుంటాం. రబ్బరు అలా జారనివ్వదు, మధ్యలో పట్టేసి గురి చెడగొడుతుంది. రెండు చేతులూ కామ చివరనే ఉంచి ఎత్తడం ముందుగా ఖాళీగా సాధన చేయండి. బరువనిపిస్తే తేలికైన గొడ్డలి తీసుకోండి.

కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. వానలో అవి మసకబారతాయి. ఒక చుక్క సబ్బునీరు రాసి గుడ్డతో తుడిచేస్తే కొంతసేపు ఆవిరి పట్టదు. అద్దం మసకేసిందంటే గొడ్డలి కిందపెట్టి తుడుచుకోవాలి. కనిపించీ కనిపించకుండా కొట్టవద్దు.

పైన ఒంటికి సరిగ్గా అతికే రెయిన్‌కోటు వేసుకోండి. గాలికి ఎగిరే గొంగడి లాంటి కోట్లు, పక్క చూపును మూసే టోపీలు, వేలాడే తాళ్లు, తువ్వాళ్లు వద్దు.

## 7. మొదలుపెట్టేముందు ఒకసారి

☐ ఉరుములు లేవు, వెలుతురు సరిపోతుంది
☐ కాళ్ల కింద కంకర, నీరు నిలవలేదు
☐ అడుగు మొద్దు ఊగడం లేదు
☐ గొడ్డలి పైకెత్తితే ఏదీ తగలడం లేదు
☐ తల బిగువుగా ఉంది, కామకు పగుళ్లు లేవు
☐ పొడిగుడ్డలు రెండు, కప్పు కింద చేతికందేలా
☐ ఫోను తడవని సంచిలో, జేబులో
☐ గాయానికి కట్టుకునే శుభ్రమైన గుడ్డ, బ్యాండేజీ దగ్గరలో
☐ మీరు ఈ పనిమీద ఉన్నారని ఇంట్లో ఒకరికి తెలుసు

## 8. దుంగను చూసి దెబ్బ ఎక్కడో తేల్చుకోవడం

కుప్పలోంచి దుంగ తీసేటప్పుడు చెయ్యి నేరుగా పెట్టవద్దు. వానకు తేళ్లు, జెర్రులు, పాములు పొడి చోటు వెతుక్కుంటూ కట్టెల కిందికి చేరతాయి. పొడవాటి కర్రతో దుంగను దొర్లించి, కిందా వెనకా చూసి అప్పుడు ఎత్తండి.

దుంగ కోత ముఖం మీద మట్టి, ఇసుక ఉంటే బ్రష్‌తో దులపండి. ఒక్క ఇసుక దెబ్బ చాలు, వాదర నొక్కుబోవడానికి.

తర్వాత ఆ ముఖాన్ని పొడిగుడ్డతో గట్టిగా తుడిచి ఒక నిమిషం ఆగి చూడండి. పైతడి పోయి కోత ముఖం లేత రంగుకు తిరుగుతుంది. పగుళ్లలో నిలిచిన నీరు మాత్రం పోదు. నడిమధ్య నుంచి బెరడు వైపు పరుగెత్తే నల్లటి గీతలు అప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి. పొడి రోజున కంటికి ఆనని సన్నటి బీటలు కూడా ఇలా తడి రోజున బయటపడతాయి. దెబ్బ ఆ గీత మీదే పడాలి.

చుట్టూ తిప్పి బెరడు మీద కణుపులు వెతకండి. కొమ్మ పుట్టిన చోట నార మెలితిరిగి ఉంటుంది. కణుపుకు అడ్డంగా కొడితే గొడ్డలి ఎగిరి వస్తుంది. కణుపు ఒక ముక్కలోనే ఉండిపోయేలా దాని పక్కనుంచి చీల్చండి. నాలుగైదు కణుపులున్న మెలికల దుంగను మొండిగా చీల్చాలని చూడవద్దు. దాన్ని పక్కన పెట్టి రంపంతో పొట్టి ముక్కలు చేసుకోండి.

బెరడు నాని వదులైతే ముందే ఒలిచేయండి. జారేది అదే, చీలిన పేళ్లను పీచులతో పట్టి ఉంచేదీ అదే.

## 9. నిలబడడం, దెబ్బ వేయడం

దుంగ పెట్టే చోటు. అడుగు మొద్దు మీద మీకు దూరంగా ఉన్న అంచు వైపు దుంగను నిలబెట్టండి. గురి తప్పి గొడ్డలి ఇటు వస్తే మీకూ దుంగకూ మధ్యనున్న మొద్దులోకి దిగుతుంది. అడుగు వంకరగా ఉన్న దుంగకు రాళ్లు ఎత్తు పెట్టవద్దు. రంపంతో అడుగు చదును చేయండి, లేదా టైరులో నిలబెట్టండి.

కాళ్లు. భుజాల వెడల్పున, రెండూ ఒకే వరుసలో ఉండాలి. ఒక కాలు ముందుకు పెడితే తప్పిన దెబ్బకు ఆ కాలే ఎదురవుతుంది. నిలబడ్డాక రెండు మడమలూ నేలలో కొద్దిగా తిప్పి చూడండి. జారితే గొడ్డలి ఎత్తకుండా ముందు కంకర సర్దండి.

దూరం. చేతులు చాచి వాదరను గురి మీద ఆనించండి. చేతులు పూర్తిగా చాపితేనే అందాలి. మరీ దగ్గరగా నిలబడితే వాదర దుంగను దాటిపోయి కామ దుంగకు కొట్టుకుని విరుగుతుంది.

మొదటి దెబ్బ తేలిగ్గా. తడి రోజున పూర్తి బలంతో మొదలుపెట్టవద్దు. భుజం ఎత్తు నుంచి చిన్న దెబ్బ వేయండి. వాదర కొరికి నిలిచిందా, జారిందా చూడండి. పచ్చి కట్టె అయితే వాదర దిగిన చోట రెండు పక్కలా నీరు ఉబుకుతుంది. ఆ గాటు రెండో దెబ్బకు దారి అవుతుంది.

పూర్తి దెబ్బ. గొడ్డలిని నేరుగా తలమీదికి ఎత్తండి, భుజం మీదుగా పక్కనుంచి కాదు. గొడ్డలి దిగేటప్పుడు మోకాళ్లు వంచండి. దెబ్బ పడే క్షణానికి కామ నేలకు సమాంతరంగా ఉండాలి. మోకాళ్లు వంచకుండా నడుముతో మాత్రమే వంగితే గొడ్డలి వంపు తిరిగి మోకాలి కింది ఎముక వైపే వస్తుంది. చూపు మాత్రం వాదర దిగేదాకా ఆ గీత మీదే ఉండాలి.

పెద్ద దుంగ. అడ్డకొలత 30 సెంటీమీటర్లు దాటితే నడిమధ్య కొట్టవద్దు. అంచునుంచి 5 నుంచి 8 సెంటీమీటర్లు లోపల కొట్టి, చుట్టూ తిరుగుతూ పలకలు పలకలుగా తీయండి. చివరికి మిగిలే నడిమి గుండును రెండుగా చీల్చండి.

నాలుగైదు దెబ్బలకొకసారి కామను, అరచేతులను పొడిగుడ్డతో తుడవండి. ఈ ఒక్క అలవాటు మిగతా జాగ్రత్తలన్నిటినీ నిలబెడుతుంది.

రెండు దెబ్బలు వరసగా గురి తప్పాయంటే చేతులు అలిసిపోయాయి. అక్కడ ఆగండి.

## 10. గొడ్డలి ఇరుక్కుంటే

తడి కట్టెలో ఇది తప్పదు. కామను పక్కలకు ఊపవద్దు, తల దగ్గర విరుగుతుంది. కామ చివర పట్టుకుని పైకీ కిందికీ మాత్రమే ఊపండి. రాకపోతే కామ చివర మీద అరచేత్తో కిందికి చరవండి, వాదర మీకు దూరంగా ఉన్న కొన వైపు నుంచి లేస్తుంది.

అయినా కదలకపోతే గొడ్డలిని అలాగే ఉంచి, అది తీసిన పగులులో కాస్త దూరంగా ఇనుప చీల దిగగొట్టండి. పగులు తెరుచుకుని గొడ్డలి దానంతటదే వదులవుతుంది. ఇరుక్కున్న గొడ్డలి వెనక సమ్మెటతో కొట్టడం చాలామంది చేస్తారు. మామూలు గొడ్డలి ఆ దెబ్బకు తయారైంది కాదు. కన్నం దగ్గర పగులుతుంది, ఇనుప ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. దుంగతో సహా గొడ్డలిని తలమీదికి ఎత్తి తిరగేసి కొట్టడం తడి చేతులతో అస్సలు చేయకూడదు.

## 11. చీలలు, సమ్మెట

ఒక చివర పలచగా, మరో చివర మందంగా ఉండే ఇనుప చీలలు రెండు ఉంచుకోండి. ఒకటి ఇరుక్కుంటే రెండోదే దాన్ని విడిపిస్తుంది. కప్పు తక్కువ ఎత్తులో ఉన్నవాళ్లకు కూడా ఇదే మంచి దారి, గొడ్డలి తలమీదికి ఎత్తే పని ఉండదు.

చీల తడి కట్టె మీద నిలవకుండా ఎగిరి వస్తుంటే, ముందు గొడ్డలితో గాటు పెట్టండి. చీల పలక మీద నీరు, నూనె తుడిచి కాస్త పొడి ఇసుక గానీ సుద్దపొడి గానీ రాయండి, పట్టు దొరుకుతుంది. మొదట చిన్న దెబ్బలతో నిలబెట్టి, చెయ్యి తీసేశాకే గట్టిగా కొట్టండి.

కొడుతున్నప్పుడు చెవి పెట్టండి. చీల దిగుతున్నకొద్దీ దెబ్బ శబ్దం మారుతుంది. చిటపటమని నార తెగే చప్పుడు వస్తే కొద్దిసేపు ఆగండి. పచ్చి దుంగ ఆ విరామంలో తనంతట తానే ఇంకొంచెం తెరుచుకోవడం కనిపిస్తుంది.

దెబ్బలకు చీల తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచులు విరిగి ఎగిరితే కన్ను పోతుంది. విచ్చుకున్న అంచును ఎప్పటికప్పుడు అరగదీయాలి.

చీలినా పీచులతో వేలాడే పేళ్ల మధ్య వేళ్లు పెట్టి లాగవద్దు, పగులు మూసుకుంటే వేళ్లు నలుగుతాయి. దుంగను పక్కకు పడుకోబెట్టి, పీచులున్న వైపు చిన్న దెబ్బతో తెంపండి.

## 12. సన్న పుల్లలు చేసేటప్పుడు

ఎక్కువ వేళ్లు తెగేది పెద్ద దుంగ దగ్గర కాదు, ఇక్కడే. ఒక చేత్తో పేడు పట్టుకుని మరో చేత్తో చిన్న గొడ్డలితో కొట్టడం తడి రోజున పూర్తిగా మానండి.

బదులుగా ఇలా చేయండి. చిన్న గొడ్డలి వాదరను పేడు కొసన ఆనించి, రెండింటినీ కలిపి పట్టుకుని, కలిపే ఎత్తి మొద్దు మీద దించండి. వాదర కొద్దిగా దిగుతుంది. మళ్లీ మళ్లీ దించితే చీలుతుంది. వేళ్లు వాదర దారిలోకి రానే రావు. పేడు నిలబెట్టి కొట్టక తప్పదనుకుంటే చేత్తో కాకుండా అడుగు పొడవున్న మరో పుల్లతో పట్టి ఉంచండి.

## 13. యంత్రం వాడేవాళ్లు

కరెంటు యంత్రాన్ని వానలో, తడి నేలమీద నడపవద్దు. కప్పు కింద నడిపినా షాకు తగిలితే కరెంటు ఆపేసే రక్షణ స్విచ్ ఉన్న లైనుకే తగిలించండి, వైరు అతుకులు నీళ్లలో ఉండకూడదు. పెట్రోలు యంత్రాన్ని వాన పడుతోందని మూసిన గదిలోకి తీసుకెళ్లవద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఒకరు దుంగ పట్టుకుని ఇంకొకరు మీట నొక్కే పద్ధతిలో వేళ్లు పోతాయి. రెండు పనులూ ఒక్కరే చేయాలి. హైడ్రాలిక్ గొట్టం కారుతోందని చేత్తో తడిమి చూడవద్దు, ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూరిపోతుంది.

## 14. గాయమైతే

శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి. తీసి తీసి చూడవద్దు. గుడ్డ తడిస్తే దానిమీదే ఇంకొకటి పెట్టండి. లోపల పేడో ఇనుపముక్కో గుచ్చుకుని ఉంటే లాగకుండా చుట్టూ నొక్కి ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపవద్దు, నొక్కవద్దు. బురదలో అయిన గాయం చిన్నదైనా ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగండి.

## 15. కొట్టిన కట్టెలు పేర్చడం

తడి కట్టె మండదు, పొగ చిమ్ముతుంది, పొగగొట్టంలో జిగట మసి పేరుస్తుంది. ఆ మసే తర్వాత అంటుకుంటుంది. తేమ 20 శాతం లోపుకు వచ్చాకే మంటకు వాడాలి. తేమ కొలిచే మీటరు ఉంటే పైపొర మీద కాకుండా అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చి చూడండి. మీటరు లేకపోతే రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టండి. ఎండువి టంగుమంటాయి, తడివి దబ్బుమంటాయి.

- పేళ్ల మందం 8 నుంచి 15 సెంటీమీటర్లు ఉంచండి, దుంగంత మందమైతే ఆరవు.
- నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున అడ్డకర్రల మీద పేర్చండి.
- గాలి దూరేలా వదులుగా పేర్చండి, గోడకు ఆనించవద్దు.
- పై వరుసలో బెరడు పైకి ఉండేలా పెట్టండి, నీరు జారిపోతుంది.
- పట్టా పైన మాత్రమే కప్పండి. పక్కలు కూడా మూసేస్తే లోపలి తేమ పోయే దారి లేక బూజు పడుతుంది.

పైతడి మాత్రమే ఉన్న ఎండు పేళ్లను వాడకానికి రెండు మూడు రోజుల ముందు లోపలికి తెచ్చుకోండి. మంటకు ఆనించి ఆరబెట్టవద్దు, అంటుకుంటాయి.

## 16. పనయ్యాక గొడ్డలి

గొడ్డలిని మొద్దులో దిగగొట్టి వానలో వదిలేయవద్దు. వాదర తుప్పు పడుతుంది, కామ నానుతుంది. పొడిగుడ్డతో తలను, కన్నం చుట్టూ ఉన్న సందును తుడిచి, ఇనుముకు పలచగా నూనె రాయండి. పొయ్యి పక్కన ఆరబెట్టవద్దు, కామ ఒక్కసారిగా కుంచించుకుపోయి తల వదులవుతుంది. గాలి తగిలే నీడలో రెండు రోజులు ఉంచండి.

కామ ఆరాక అవిసె నూనె పలచగా రుద్ది, పీల్చుకోగా మిగిలింది తుడిచేయండి. మళ్లీ వాడేలోగా పూర్తిగా ఇంకాలి, లేకపోతే జారుతుంది. నూనె రుద్దిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఇంటికి దూరంగా, బయట విప్పి పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరనివ్వండి.